పొరల మధ్య ఎవరు?

"గుండె దారికొచ్చింది. ఊపిరి రాలేదు," అంది డాక్టరమ్మ. "ఆ పొడిలో ఇంకా ఏముందో నాకు చెప్పాలి."

ఐసీయూ తలుపు ముందు వరండాలో ముగ్గురున్నారు. కోడలు నిలబడి ఉంది. ఆడపడుచు బెంచీ మీద కూర్చుని ఉంది. లోపలున్న పెద్దావిడ కొడుకు కిటికీ దగ్గర అటు తిరిగి ఉన్నాడు.

కోడలే చెప్పింది. మట్టి, వణుకు తగ్గించే మందు, ఆ రెండే. మట్టి పొరల మధ్య మందు ఇరుక్కుని ఉంటుంది, కడుపులోకి వెళ్ళాక కొంచెం కొంచెంగా బయటికొస్తుంది, మాత్ర మింగినట్టు ఒక్కసారిగా గుండె మీద పడదు. తను పనిచేసే ల్యాబుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె నవ్వుతూ చెప్పే మాటలే ఇవి.

డాక్టరమ్మ అంతా విన్నది. వణుకు మందు ఎక్కువైతే గుండె నెమ్మదిస్తుంది, దానికి విరుగుడు ఇచ్చింది, అది పనిచేసింది కూడా. కానీ పెద్దావిడ నోరంతా పొక్కి ఉంది. మెడ నిలబడటం లేదు. ఊపిరి తీసే కండరాలు ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేస్తున్నాయి. వణుకు మందు చేసే పని కాదిది.

"మిషన్ పెట్టాను. అది ఊపిరి పోస్తుంది గానీ విషాన్ని తియ్యదు. కడుపులో ఉన్నదేదో ఇంకా రక్తంలోకి దిగుతూనే ఉంది. అదేంటో తెలిస్తే ఆపడానికి చూస్తాను. సాయంత్రం చెబితే మాత్రం నాకు పనికిరాదు."

తలుపు ఆమె వెనక మూసుకుంది.

తలుపుకి మధ్యలో అద్దం ఉంది. అందులోంచి అత్తగారి కుడిచెయ్యి కనిపిస్తోంది. కోడలు ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచీ ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. కాఫీ తాగినా, దువ్వెన పట్టినా, సూది పట్టినా. ఇప్పుడు దుప్పటి మీద కదలకుండా పడి ఉంది.

ఇన్నాళ్ళూ అందరూ కోరుకున్నది అదే.

"చూశావా," అంది ఆడపడుచు వెనక నుంచి. "వణుకు తగ్గించేశావు. పేరు నిలబెట్టుకున్నావు."

ఆడపడుచుది కుట్టు షాపు. పొద్దున తల్లి ఆ షాపులోనే, కుట్టుమిషన్ మీదికే ఒరిగిపోయింది. మిషన్ సొరుగులో ఈ పొడి సీసా దొరికేదాకా, తల్లి తినేది ల్యాబు పొడి అన్న సంగతే కూతురికి తెలియదు. కొడుక్కీ తెలియదు. తెలిసింది కోడలికి, అత్తగారికి మాత్రమే.

"మా అమ్మ నీకు ఎలకలా కనిపించిందా?"

"అత్తయ్యే అడిగారు వదినా."

"అడిగితే? రేపు చందమామని అడుగుతుంది, తెచ్చిస్తావా?"

అత్తగారు అడిగిన తీరు కోడలు ఎలా చెబుతుంది? జీవితమంతా కుట్టుపనితో ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, సూదిలో దారం ఎక్కించలేక, ఎవరూ చూడకుండా సూదిని చాపకింద దాచేసింది. మాత్రలు పడటం లేదు. మింగినప్పుడల్లా కళ్ళు తిరిగి పడిపోయేది. మీ ల్యాబులో ఏదో చేస్తున్నారటగా, నాకు ఓ చెంచాడు తెచ్చిపెట్టవే అంది. ఆ మాట కోడలు భోజనాల దగ్గర భర్త చెవిన వేసినప్పుడు అతను కంచం వదిలేసి లేచాడు. ల్యాబు పొడి ఈ ఇంట్లోకి రావడానికి వీల్లేదన్నాడు. ఆమె ఏదో అంది, అతనింకేదో అన్నాడు, మాటకి మాట పెరిగి పెళ్ళి దాకా వెళ్ళింది. ఆ పూట నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే ల్యాబు, ఒకే కారులో ప్రయాణం. మాట మాత్రం లేదు.

అయినా తెచ్చిచ్చింది. మొదటి సీసా అయ్యేసరికి అత్తగారు సూదిలో దారం ఎక్కించి, దాన్ని దీపంలా పైకెత్తి చూపించింది. "మట్టి కోడలు నా చెయ్యి నిలబెట్టిందే" అని గుసగుసగా నవ్వింది. ఆ పేరు ఆవిడ పెట్టిందే. ఇది రెండో సీసా.

ఆడపడుచు ఇంకా ఆగలేదు. తనకి చెప్పకుండా దాచినందుకు తల్లిని, దాచమన్నందుకు మరదలిని, ఏమీ ఎరగనట్టు కిటికీ పట్టుకుని నిలబడినందుకు తమ్ముణ్ణి, ముగ్గురినీ కలిపి కడిగేసింది. పక్క బెంచీల వాళ్ళు తలలు తిప్పుకున్నారు.

"ఏం పొడమ్మా అది, నీళ్ళలో కలవనే కలవదు. రోజూ గ్లాసులో చెంచా పెట్టి టంగు టంగున కొడుతూ కూర్చునేది. ఏంటమ్మా అంటే అరుగుదలకి చూర్ణం అంది. కలవక కలవక చివరికి నూనెలో కలుపుకుని..."

"ఏమన్నారు?"

కోడలు గిర్రున ఇటు తిరిగింది. ఆడపడుచు కూడా ఒక క్షణం తడబడింది.

"నూనెలో అన్నాను. నీళ్ళ మీద తేలుతుంటే ఇంకేం చేస్తుంది?"

"కొత్త సీసాయా? పాతదీ తేలేదా?"

"నన్ను అడుగుతావేం? నీ పొడే కదా."

"వదినా. ఆ సీసా ఒకసారి ఇవ్వండి."

ఆడపడుచు సంచీని గుండెలకి హత్తుకుంది. సాక్ష్యం మాయం చేద్దామనుకుంటున్నావా అంది. ఇక్కడే, మీ కళ్ళముందే చూస్తాను, మీరే పట్టుకోండి అని కోడలు బతిమాలింది. వరండా చివర తాగే నీళ్ళ డబ్బా దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపుకొచ్చింది. ఆడపడుచు సీసా మూత తీసి, అనుమానంగానే కాస్త పొడి వంచింది.

పొడి నీళ్ళ మీద పడింది. అలాగే ఉంది.

కోడలు వేలితో నొక్కింది. పొడి మునిగి, మళ్ళీ పైకి తేలింది. వేలు బయటికి తీసి చూసుకుంది. గోరు దగ్గర అంటుకున్న పొడి పొడిగానే ఉంది. తడి అన్నదే అంటలేదు.

మందు దూరిన మట్టి ఇలా ఉండదు. నీళ్ళు కనబడగానే తాగి, ఉబ్బి, బురదలా అడుక్కి దిగిపోతుంది. నీటిని దగ్గరికి రానివ్వని మట్టి ఒకటే. పొరల నిండా సబ్బు పట్టిన మట్టి. ఆ సబ్బు అణువుల జిడ్డు తోకలు నీళ్ళని తోసేస్తాయి.

ఆమె గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. చాలా రోజుల తర్వాత భర్తకి ఎదురుగా నిలబడింది.

"పొరలు తెరుచుకున్నాయన్నావు."

"నేనేం అనలేదు," అన్నాడు అతను గ్లాసు వైపు చూస్తూ. "టిక్కు పెట్టాను."

వాళ్ళ ల్యాబులో పొడి చెయ్యడం ఆమె పని. ఎక్స్‌రే గదిలో దాన్ని పరీక్షించడం అతని పని. మట్టి పొరలు తడిసి అంటుకుపోయిన కాగితాల దొంతరలా ఉంటాయి. మొదటి సీసాకి మందు తనంతట తానే వాటి మధ్యకి దూరేదాకా ఆమె ఓపికపట్టింది. వచ్చిన పొడి చారెడు. కొత్త దానికి పైనుంచి తొందర పెట్టారు. అందుకని ముందు సబ్బుతో పొరల్ని విడదీసి, తర్వాత ఆ సబ్బుని బయటికి నెట్టి మందుని కూర్చోబెట్టే దారి పట్టింది. మామూలు సబ్బు కాదు. నేల మీద క్రిములు చావడానికి వాడే రకం. అది చివరికి ఒక్క చుక్క కూడా మిగలకూడదు.

మిగల్లేదనే నమ్మింది. బల్ల మీది పళ్ళెంలో అతను పెట్టిన గ్రాఫ్ మీద టిక్కు ఉంది. సందు బాగా వెడల్పుగా ఉంది. అదే చాలనుకుంది.

"టిక్కు అంటే ఏంటి అర్థం?"

"పొరలు తెరుచుకున్నాయని. తెరుచుకునే ఉన్నాయి." అతను పెదాలు తడుపుకున్నాడు. "సబ్బు తెరిచినంత మేరా తెరుచుకుని ఉన్నాయి. మందు చిన్నది. అది వచ్చి కూర్చుంటే సందు కాస్త తగ్గాలి. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు."

"అంటే సబ్బు కదల్లేదు."

"కదల్లేదు. మందు బయట పైపైన అంటుకుని ఉంటుంది. మిషన్ సందు ఎంతుందో చెబుతుంది గానీ అందులో ఎవరున్నారో చెప్పదు. నీకు తెలియంది కాదు."

"తెలుసు. నీకు కనిపించింది నాకెందుకు చెప్పలేదు?"

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "మందు ఎక్కించక ముందటి గ్రాఫ్ కూడా నీ దగ్గరే ఉంది కదా. పక్కపక్కన పెట్టి చూస్తావనుకున్నాను. నువ్వే వచ్చి అడుగుతావనుకున్నాను." కాస్త ఆగాడు. "మనం మాట్లాడుకోవడం లేదు కదా."

వరండాలో ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్ళారు. చక్రం ఒకటి కీచుమంటోంది.

"ఆ సీసా అలమారాలో ఉందనుకున్నాను," అన్నాడు అతను. "మా అమ్మ చెంచాలో ఉందని నాకు తెలీదు."

అతను మాట్లాడి ఉంటే ఆ పొడి ఇంటికి వచ్చేది కాదు. అతను వద్దన్నప్పుడు ఆమె విని ఉంటే, అతను మాట్లాడకపోయినా ఫరవాలేకపోయేది. తప్పు చెరో సగం. రెండూ కలిసి లోపల ఆ మంచం మీద పడుకుని ఉన్నాయి.

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ల్యాబు గేటుకి తాళం పడుతుంది. పోలీసులు వస్తారు. ఇద్దరికీ మళ్ళీ ఎక్కడా ఉద్యోగం పుట్టదు. అతను ఆ మాట అనబోయాడేమో, పెదవి కదిలింది. ఆమె వినడానికి ఆగలేదు. ఐసీయూ బెల్లు నొక్కింది.

డాక్టరమ్మ వచ్చింది. కోడలు సబ్బు పేరు చెప్పింది, ఎంత మోతాదు ఉండవచ్చో చెప్పింది, ఎలా మిగిలిపోయిందో కూడా దాచకుండా చెప్పింది. కడుపులోని ఉప్పదనానికి అది పొరల్లోంచి జారుతుందని, నూనె తోడైతే ఇంకా తొందరగా జారుతుందని అంది. డాక్టరమ్మ మొహంలో కోపం వచ్చింది, పోయింది. దానికి ఇప్పుడు తీరికలేదు.

"నోటి పొక్కులు, కండరాలు, అంతా సరిపోయింది. దీనికి సూటిగా విరుగుడు లేదు."

"ఉంది," అంది కోడలు. "మట్టే."

ఏమీ దూర్చని పచ్చి మట్టి. పొరలు ఖాళీగా ఉన్నది. ఆ సబ్బుకి మట్టి పొరలంటే ఎంత ఇష్టమంటే, మందుతో నెట్టినా కదలనంత. కడుపులో ఇంకా తిరుగుతున్నదాన్ని ఖాళీ మట్టి దొరకబుచ్చుకుని తన పొరల్లోకి లాక్కుంటుంది. లాక్కున్నాక మట్టితో పాటు బయటికి పోతుంది.

కలుపుమందు తాగినవాళ్ళకి ఇలాంటి మట్టి పట్టించడం డాక్టరమ్మ కూడా చూసిందట. కుదరని మాట కాదు. కానీ ముప్పు ఉంది. ముక్కులోంచి వేసిన గొట్టంలో పంపాలి, గడ్డ కడితే గొట్టం మూసుకుపోతుంది, పేగు బిగుసుకుంటుంది. ఉన్నదంతా ఒక్క గొట్టం, ఇంకోటి వేసే స్థితిలో గొంతు లేదు. కన్నబిడ్డలు ఇద్దరూ ఒప్పుకుంటేనే చేస్తానంది.

కోడలు వెనక్కి తిరిగేసరికి కిటికీ దగ్గర భర్త లేడు.

ల్యాబు రోడ్డు దాటితే అవతలే. అతను తిరిగొచ్చేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. చేతిలో రేకు డబ్బా. పచ్చి మట్టి అందులో సగం దాకా ఉంది. మిగతాదంతా సబ్బు నీళ్ళలో వేసేశారు, ఉన్నది ఇదేనన్నాడు. డబ్బా భార్య చేతికిచ్చాడు. డాక్టరమ్మతో తనకి సమ్మతమేనన్నాడు.

ఆడపడుచు లేచి నిలబడింది.

"నాకు సమ్మతం కాదు."

"అక్కా..."

"నువ్వుండరా. మట్టి పెట్టి చంపింది చాలక, మళ్ళీ మట్టే పోస్తానంటోంది. నువ్వు డబ్బా మోసుకొచ్చావు. సిగ్గులేదూ?"

తమ్ముడు ఏదో వివరించబోయాడు. ఆడపడుచు వినలేదు. పొరలు, సందులు తనకి అక్కర్లేదంది. తనకి తెలిసిందల్లా ఒకటే. పొద్దున అమ్మ తన షాపుకి నడిచి వచ్చింది. జాకెట్టుకి కాజాలు తీస్తానంది. తీస్తూ తీస్తూ ఒరిగిపోయింది.

అప్పుడు కోడలు ఆమె ముందుకు వచ్చి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"వదినా, నన్ను ఏం చేస్తారో చేసుకోండి. సాయంత్రం చేసుకోండి. ఇప్పుడు మాత్రం ఒప్పుకోండి. మీరు ఆలోచించే ప్రతి నిమిషం ఆవిడ కడుపులో నడుస్తోంది."

ఆడపడుచు తలుపు వైపు చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కేకలేదు. అందుకే అది ఇంకా భయంగా ఉంది.

"ఒప్పుకుంటాను. అమ్మ బతికినా, పోయినా, ఇకమీద నువ్వు అమ్మని తాకకూడదు. ఈ గది గడప తొక్కకూడదు. మా ఇంటి గడప తొక్కకూడదు. ఆ మాట వాడు చెప్పాలి. నీ మొగుడు."

అందరూ అతని వైపు చూశారు. డాక్టరమ్మ కూడా.

అతను నోరు తెరిచాడు. మూశాడు.

"ఆయన్నెందుకు అడుగుతారు," అంది కోడలు లేచి నిలబడుతూ. "నేను ఒప్పుకుంటున్నాను. తాకను. గడప తొక్కను."

భర్త వైపు చూడలేదు.

నర్సుల బల్ల మీదే కోడలు మొదటి గిన్నె కలిపింది. గోరువెచ్చని నీళ్ళు, మట్టి, గరిటె. పాల మీగడలా, ఒక్క పలుకు కూడా లేకుండా వచ్చింది. డాక్టరమ్మ అందుకుని లోపలికి వెళ్ళింది. ఆడపడుచు తలుపుకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

అద్దంలోంచి పెద్దావిడ ముఖం కనబడటం లేదు. మిషన్ మీది గీత మాత్రం కనబడుతోంది. లేస్తోంది, పడుతోంది. కోడలు దాన్నే చూస్తూ నిలబడింది. ఆమెకి అడుగు దూరంలో భర్త. ఇద్దరిలో ఎవరు చెయ్యి చాచినా అందేంత దూరం.

తలుపు తెరుచుకుంది.

"దిగింది," అంది డాక్టరమ్మ. చెమటతో నుదుటి మీద వెంట్రుకలు అంటుకుపోయాయి. "మొత్తానికి దిగింది. బీపీ ఇంకా జారలేదు, అది మంచి గుర్తు. రెండో విడత వెంటనే పడాలి. కానీ బయట కలిపి తెచ్చేసరికి చిక్కబడిపోతోంది, చివర్లో గొట్టం దగ్గర తంటాలు పడ్డాం. మంచం పక్కనే, గొట్టానికి తగ్గ పలచనలో కలపాలి. అమ్మా, మీరు రండి."

కోడలు డబ్బా తీసుకుంది. ఒక అడుగు వేసింది.

ఆడపడుచు జరగలేదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "పక్కకి జరుగు."

"మాట ఇచ్చింది ఇప్పుడేగా," అంది ఆమె తమ్ముడి వైపు చూడకుండా. "నా బతుకంతా పిండి పిసికాను, గంజి కాశాను. మట్టి కలపడానికి చదువుకోవాలా?"

కోడలి చేతిలోని డబ్బా లాక్కుంది. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లోపల మిషన్ ఏదో మోగింది. ఎవరైతే ఏంటి, రండి, రండి అంటూ ఆమె వెనక్కి పరిగెత్తింది. ఆడపడుచు వెంట వెళ్ళింది.

"వదినా, నీళ్ళు ముందు. నీళ్ళ మీద మట్టి చల్లాలి. మట్టి మీద నీళ్ళు పోస్తే గడ్డ..."

తలుపు పడిపోయింది. అది లోపలి నుంచే తెరుచుకునే తలుపు.

కోడలు అద్దానికి ముఖం ఆనించింది. మంచం పక్కన ఆడపడుచు డబ్బా మూత తీసింది. మట్టిని ఉన్నదంతా ఒక్కసారిగా గిన్నెలోకి బోర్లించింది. అటూ ఇటూ చూసింది. నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాచింది.

కోడలు అరచేత్తో అద్దం మీద కొట్టింది. పక్కనుంచి మరో చెయ్యి వచ్చి, అంతకన్నా గట్టిగా కొట్టింది. భర్తది. "అక్కా, ఆగు," అంటున్నాడు. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ, గొంతు చీరుకుపోయేలా.

లోపల మిషన్ల చప్పుడులో ఎవరూ తల తిప్పలేదు.

ఆడపడుచు చెంబు ఎత్తింది.